మూడో గుహ దాటాక చెప్తానన్న పేరు

ఛార్జింగులో పెట్టి ఆడొద్దని ఎన్నిసార్లు చెప్పినా మా విహాన్ వినడు. ఇవాళ సాయంత్రం కూడా మంచం మీద బోర్లా పడుకుని, గోడ దగ్గర్నుంచి తీగ సాగదీసుకుని, నా ఫోనులో ఏదో కత్తియుద్ధాల ఆట ఆడుతున్నాడు. చంటిదాన్ని పడుకోబెట్టి వచ్చిన నాకు గది గుమ్మంలోనే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన తగిలింది. ఈ మధ్య నాకు దేనికైనా ముందు భయమే వస్తోంది. పరుగున వెళ్ళి ప్లగ్గు లాగేశాను. లాగేశాక, అరచేతిలో వెచ్చగా ఉన్న ఆ ఛార్జరుని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది మా బాబాయి మస్కట్ నుంచి తెచ్చిన టీవీ గేము అడాప్టరు వాసన.

ఫోను తెర మీద ఒక కత్తి నిలబడి ఉంది. దాని చుట్టూ నీలం మంట, కింద ఇంగ్లీషులో పొడుగాటి కథ. దాన్ని ఎవరు కాచి సాగగొట్టారో, ఏ రాజు పట్టాడో, ఏ యుద్ధంలో పోగొట్టుకున్నాడో అన్నీ ఉన్నాయి. వాడు ఆ కథని చదవకుండా వేలితో పైకి తోసేస్తూ, ఎందుకో ఆగి, తలెత్తకుండానే అడిగాడు. "అమ్మా, ఈ కత్తి ముందు ఎవరిది?"

నేను చెప్పిన జవాబు గుర్తొస్తే, పిల్లలిద్దరూ నిద్రపోయిన ఈ వేళ కూడా నా ముఖం వేడెక్కుతోంది. ఎందుకో చెప్పాలంటే మా ఊరి దగ్గర మొదలుపెట్టాలి.

మాది రాజోలు నుంచి సఖినేటిపల్లి వెళ్ళే దారిలో, వశిష్ఠ గోదావరి గట్టుకి కాస్త లోపలగా ఉన్న ఊరు. ఒకే పెరడు, అందులో ఎదురెదురుగా రెండు ఇళ్ళు. ఒకటి మాది, ఒకటి బాబాయిది. మధ్యలో ఎప్పుడూ కొబ్బరికాయల గుట్ట. నాన్న తోటల్లో దింపిన కాయలు కొని, వలిపించి, బండికెత్తించేవారు కాబట్టి, నేలలో పాతిన ఇనప మొనకి కాయ దిగే చప్పుడుతోనే మాకు తెల్లారేది. వేసవిలో ఆ వలిచిన డొక్కల గుట్ట ఎండి పొడి వాసన వేసేది. వానలు పడితే అదే గుట్ట పుల్లగా మురిగి, దాని కింద నుంచి జెర్రులు బయటికొచ్చేవి. మాఘంలో మంచు కొబ్బరాకుల చివర్ల నుంచి చుక్క చుక్కగా రేకుల కప్పు మీద పడుతుంటే, అమ్మ పనసాకుల బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండేది. ఆకు విప్పగానే వచ్చే ఆ ఆవిరి కోసం నేనూ, బాబాయి కొడుకు సత్తిబాబూ పళ్ళు తోమకుండానే వంటింట్లో చేరి తిట్లు తినేవాళ్ళం.

కానీ ఒక వాసన మాత్రం మా ఇంట్లో ఉండేది కాదు. శ్రావణం దాటి తాటిపళ్ళు రాలే రోజుల్లో ఊళ్ళో ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా తాటిరొట్టె కాలుతున్న వాసన కడుపులోకి దిగేది. మా పొయ్యి మీద ఒక్క ఏడూ అది కాల్చలేదు. పిన్ని కూడా మా అమ్మ పుట్టింటికి వెళ్ళిన రోజు చూసి, తలుపులు దగ్గరకేసి కాల్చి, నాకో ముక్క పెట్టి, "మూతి కడుక్కో అమ్మలూ, మీ అమ్మకి వాసనొస్తది," అనేది. ఎందుకని అడిగితే ఇంకో ముక్క పెట్టేది.

ఎందుకో నాకు సగం తెలుసు. నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడు మా అన్నయ్య పోయాడు. ఏడేళ్ళవాడు, పంటకాలవలో. అంతవరకే తెలుసు. పేరు కూడా తెలుసుగానీ ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. వాడి ఊసు ఎప్పుడైనా వస్తే "వీరుడు" అనేవారు. మా వైపు పెళ్ళి కాకుండా పోయిన పిల్లలు వీరుళ్ళవుతారు. విభూదిని ముద్ద చేసి, పండులా మలిచి, వాళ్ళ గుర్తుగా దేవుడి గదిలో పెట్టుకుంటారు. ఇంట్లో పెళ్ళి తలపెట్టినప్పుడు ముందు వాళ్ళకి సంబరం చెయ్యాలి. డోలు, సన్నాయిలతో ఆ విభూది పండుని గోదావరికి తీసుకెళ్ళి స్నానం చేయిస్తే, కత్తి పట్టిన మనిషి ఎదురుగా నిలబడి వీరభద్రుడి గొప్పలు గొంతెత్తి పలుకుతాడు. దాన్ని ఖడ్గం చెప్పడమంటారు. ఒక్కో మాట చివర విన్నవాళ్ళంతా "శరభా!" అని కేకవెయ్యాలి.

మా నాన్న ఖడ్గం చెప్పేవారు. చుట్టుపక్కల మా వాళ్ళెవరింట్లో సంబరమైనా ఆయన్నే పిలిచేవారు. దానికి కారణం గొంతు ఒక్కటే కాదు. మిగతావాళ్ళు వీరభద్రుడి మాటలతో ఆపేస్తే, నాన్న చివర్లో ఆ ఇంటి బిడ్డ ఊసు కూడా కలిపేవారు. ముందురోజే ఆ తల్లి దగ్గర కూర్చుని, బిడ్డకేం ఇష్టమో, ఏం చూసి నవ్వేవాడో, ఏ చొక్కా వేస్తే విప్పేవాడు కాదో అడిగి తెలుసుకుని, మర్నాడు రేవులో కత్తి పైకెత్తి అవన్నీ చెప్పి, ఆఖర్న పేరు పలికేవారు. ఆ పేరు గోదావరి మీద అవతలి గట్టు దాకా వెళ్ళినట్టుండేది. తల్లులు ఏడ్చి, ఆ తర్వాత తేలికపడేవారు. మా అన్నయ్య కాలవలో పడినరోజు కూడా నాన్న వేరే ఊళ్ళో, వేరే వాళ్ళ బిడ్డకి ఖడ్గం చెప్తున్నారట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత పిన్ని చెప్పింది.

నా పదో ఏట బాబాయి మస్కట్ నుంచి సెలవుకొచ్చారు. దుప్పట్లు, సెంటు సీసాలు, నారింజరంగు పొడి డబ్బాలతోపాటు సత్తిబాబుకి టీవీ గేము తెచ్చారు. పసుప్పచ్చ క్యాసెట్టు, రెండు చేతిపెట్టెలు, ఇటుకంత అడాప్టరు. అది కాసేపటికే కాలిపోతుందన్నట్టు వేడెక్కేది. అందుకని మాలో ఒకళ్ళు ఆడుతుంటే ఇంకొకళ్ళు దానికి తాటాకు విసనకర్రతో విసరాలని సత్తిబాబు రూలు పెట్టాడు. విసిరినవాళ్ళకే తర్వాత వంతు. అలా ఆ వేసవంతా వీధిలో పిల్లలు మా గుమ్మంలో వరస కట్టి అడాప్టరుకి విసిరారు. గేము బాబాయిదైనా రంగుల టీవీ మా ఇంట్లోనే ఉండేది.

క్యాసెట్లో చాలా ఆటలున్నా మేము ఆడింది ఒక్కటే. నీలం చొక్కా తొడుక్కున్న చిన్న మనిషి గబ్బిలాల్ని తప్పించుకుంటూ గుహలోకి వెళ్తాడు. గుహ చివర ఒక రాయి, ఆ రాతిలో దిగిన కత్తి. వాడు దాని దగ్గరకు వెళ్ళగానే పాట మారిపోయి, తెర నల్లబడి, పైనుంచి అక్షరాలు వాన చుక్కల్లా రాలేవి. అవి ఇంగ్లీషు కాదు, తెలుగు కాదు, హిందీ కాదు. బాబాయి కూడా చూసి, అరబ్బీ కాదని తేల్చేశారు. అక్షరాలయ్యాక ఎర్ర బటను నొక్కితే వాడు కత్తి లాగి పైకెత్తేవాడు, తెరంతా తెల్లగా మెరిసేది. రెండో గుహ దాటేవాళ్ళం. మూడో గుహ తలుపు దగ్గర మాత్రం ఆ కత్తి ఊరికే రెండు ముక్కలయ్యేది. ఏం చెయ్యాలో ఆ అక్షరాల్లో ఉండే ఉంటుంది. మాకు చదవడం రాదు.

ఒకరోజు నాన్న పనినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గుమ్మంలో కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ తెరకేసి చూశారు.

"ఎవరిదిరా ఆ కత్తి?"

"ఎవరిదీ కాదండి పెదనాన్నగారూ, ఆటలోదండి," అన్నాడు సత్తిబాబు, కళ్ళు తిప్పకుండా.

"ఎవరిదీ కాని కత్తి ఉంటాదేంట్రా? పట్టినోడు పోబట్టే గదా అది రాతిలో ఉంది. ఎవరిదో తెలీకుండా అలా లాగేస్తావా?"

"మరా అక్షరాలు చదవడం రావట్లేదండి!"

"చదవక్కర్లేదు. ఆగు." నాన్న మోకాళ్ళ మీద ముందుకు వంగి తెరని దగ్గరగా చూశారు. అక్షరాల వెనక ఆ చిన్న మనిషి నిలబడి, ఎడమచేతిని రాతి మీద వేసి ఉన్నాడు. నాన్న చాలాసేపు ఆ చేతినే చూశారు. "పుర్రచేతి వాడు," అన్నారు. తర్వాత, రేవులో పలికే గొంతుతో కాకుండా, మాకు మాత్రమే వినబడేంత మెల్లగా, ఆ కత్తికి ఖడ్గం చెప్పడం మొదలుపెట్టారు.

"రాతిలో నిలిచిన కత్తీ, నిన్ను పట్టినవాడెవడు? పుర్రచేతి వాడు. తల్లికి తొలి బిడ్డ."

ఆయన ఆగి మాకేసి చూశారు. మాకు తెలుసుగా, అందరం "శరభా!" అని అరిచాం. "ఇప్పుడు నొక్కు," అన్నారు. సత్తిబాబు నొక్కాడు. తెర మెరిసింది. ఆ మెరుపు అంతకు ముందెన్నడూ అంత తెల్లగా లేదని మేమంతా ఒట్టేసుకున్నాం.

ఆ రోజు నుంచి ఖడ్గం లేకుండా బటను నొక్కడానికి వీల్లేకపోయింది. నాన్న పని నుంచి వచ్చేదాకా ఆ చిన్న మనిషిని రాతి ముందే నిలబెట్టి ఉంచేవాళ్ళం, అడాప్టరుకి విసురుతూ. నాన్న రోజుకో మాట కలిపేవారు. వాడికి కుక్కలంటే భయం, నీళ్ళంటే భయం లేదు. పెరుగన్నంలో బెల్లం ముక్క లేకపోతే ముద్ద దిగదు. ఉరుము ఉరిమితే నవ్వుతాడు. పిల్లలు వింటూ "ఏ ఊరండి? ఎన్నో క్లాసండి? పేరేంటండి?" అని మీద పడేవారు.

"పేరు ఇప్పుడు కాదు. మీరు మూడో గుహ దాటండి, చెప్తాను," అనేవారు నాన్న.

ఒక సాయంత్రం ఆయన ఇంకో మాట కలిపారు. "గంగ మీద పసుప్పచ్చ పండు తేలి వచ్చింది. తల్లికి ఇస్తానని దిగాడు."

మేం శరభా అనేలోపు వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అమ్మ తడిచేతులతో వచ్చి నాన్న వెనక నిలబడింది. టీవీ గేము వచ్చాక ఆమె ఆ గదిలోకి రావడం అదే మొదలు.

"ఇచ్చాడా అండీ?" అంది. "పండు తల్లికిచ్చాడా?"

నాన్న వెనక్కి తిరగలేదు. "ఇంకా గుహలోనే ఉన్నాడు," అన్నారు.

అమ్మ కాసేపు తెరకేసి చూసి, సత్తిబాబుతో "కళ్ళు పోతాయి, కాస్త దూరం జరిగి ఆడుకో బాబూ," అని లోపలికి వెళ్ళిపోయింది. మాకేం అర్థం కాలేదు. కథ బాగుందని మాత్రం అనుకున్నాం. నేనైతే కాన్వెంటులో నా పక్కన కూర్చునే లావణ్యని కూడా ఒకరోజు తీసుకొచ్చి చూపించాను. లావణ్య వాళ్ళ నాన్నగారు రాజోల్లో ఆఫీసరు. వాళ్ళింట్లో అందరూ కుర్చీల్లో కూర్చుని తినేవారు. ఆ పిల్ల కళ్ళింతలు చేసుకుని విని, ఎర్ర బటను తనే నొక్కి, "మీ డాడీ భలే చెప్తారే," అంది. ఆ రాత్రి నాకు గర్వంతో నిద్రపట్టలేదు.

మరుసటి మాఘంలో బాబాయి కూతురు విజయక్కకి పెళ్ళి కుదిరింది. అన్నయ్య పోయాక మా ఇంట్లో అదే మొదటి పెళ్ళి. అంటే వాడికి అదే మొదటి సంబరం. ఖడ్గం ఎవరు చెప్తారన్న ప్రశ్నే రాలేదు. నాన్న మేనమామ సూర్రావు తాతయ్య ఒక్కరే, "సొంత బిడ్డకి చెప్పగలవంట్రా?" అని అడిగారు. నాన్న "ఆయ్, చెప్తానండి," అన్నారు. సంబరానికి ముందురోజు నాన్న, ఎవరింటికి వెళ్ళినా చేసేట్టే, అమ్మ దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు. అడగడానికి ఏమీ లేక కాసేపు కూర్చుని లేచారు. ఆయన గోడమీద కత్తి దింపి, ఎర్రగుడ్డ విప్పి, చింతపండుతో తోముతుంటే నేను నీళ్ళు పోశాను.

పొద్దున్నే రేవుకి బయల్దేరాం. అమ్మ నెత్తిన పళ్ళెం, పళ్ళెంలో బంతిపూల మధ్య నిమ్మకాయంత విభూది పండు. ముందు డోలు, సన్నాయి. సాంబ్రాణి పొగ మంచులో కలిసి, ఏది పొగో ఏది మంచో తెలియలేదు. పెళ్ళికొడుకు వైపువాళ్ళు తెల్లబట్టల్లో గట్టు మీద నిలబడ్డారు. వీధిలో పిల్లలంతా వచ్చారు. నేను పిలిచాను కాబట్టి లావణ్య కూడా వాళ్ళమ్మతో వచ్చి, చెప్పులు విప్పాలో వద్దో తెలియక పక్కగా నిలబడింది.

నాన్న నడుంలోతు నీళ్ళలో నిలబడి, మొనకి నిమ్మకాయ గుచ్చిన కత్తి ఎత్తి, వీరభద్రుడి మాటలు ఎప్పట్లాగే పలికారు. గట్టు మీద పెద్దవాళ్ళ "శరభా" కేకలకి కొంగలు లేచాయి. ఇంక బిడ్డ ఊసు రావాలి. డోలు ఆగింది. నాన్న నోరు తెరిచారు, మాట రాలేదు. మళ్ళీ తెరిచారు. గోదావరి మీద ఏదో పడవ ఇంజను చప్పుడు దూరమయ్యేదాకా అందరం ఎదురుచూశాం. అప్పుడు నాన్న అన్నారు:

"రాతిలో నిలిచిన కత్తీ, నిన్ను పట్టినవాడెవడు?"

పిల్లలకి ప్రాణం లేచొచ్చింది. "శరభా!" అని అరిచి, అలవాటుగా గాల్లో బొటనవేళ్ళు నొక్కారు. సత్తిబాబు అందరికంటే గట్టిగా నొక్కాడు. గట్టు మీద ఎవరో పకపకా నవ్వారు. పక్కవాళ్ళు ఎందుకని అడగడం, "టీవీ గేము కత్తికి చెప్పిందండి ఇది, రోజూ చెప్తారంట" అని ఎవరో విప్పి చెప్పడం, పెళ్ళికొడుకు వైపు నుంచి ఒకాయన "మరి బటనెవరు నొక్కుతారండీ?" అనడం, అన్నీ ఒకదాని మీద ఒకటి జరిగిపోయాయి. నవ్వు గట్టు పొడుగునా పాకింది.

"ఏవిట్రా ఇది!" సూర్రావు తాతయ్య నీళ్ళలోకి దిగిపోయారు. "టీవీ బొమ్మకి చెప్పింది బిడ్డకి చెప్తావా? నలుగురిలో పరువు తీసేస్తావేంట్రా?"

నాన్నకి ఆ బిడ్డ గురించి తెలిసిన మాటలు అవే. అంతకుముందు ఎప్పుడూ, ఎవరికీ, అమ్మకి కూడా చెప్పలేని మాటలు ఆ నీలం చొక్కా మనిషిని అడ్డం పెట్టుకుని మాకు చెప్పారు. ఆ నవ్వుల మధ్య నిలబడి అది నాకు ఒక్కసారిగా తెలిసింది. గుహలో ఉన్నవాడు మా అన్నయ్య. పండు తాటిపండు, మా పొయ్యి మీద తాటిరొట్టె కాలనిది అందుకే. తెలిసి కూడా నాకు ముందు కనబడింది లావణ్య ముఖమే. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాళ్ళమ్మకేసి చూస్తోంది. నేను పిన్ని చీర కుచ్చిళ్ళ వెనక్కి జరిగి, ఆ నీళ్ళలో కత్తి పట్టుకుని నిలబడ్డ ఆయన ఎవరో నాకు తెలియనట్టు తల దించుకున్నాను.

అమ్మ ఒక్కతే పళ్ళెం నెత్తిన పెట్టుకునే ఇంకో అడుగు లోపలికి దిగి, నాన్న ఎదురుగా నిలబడింది. నవ్వుల్లో కూడా ఆమె గొంతు వినబడింది.

"ఆపకండి. చెప్పండి. పేరు దాకా చెప్పండి."

నాన్న పెదవులు కదిలాయి. కత్తి కిందికి వాలిపోయి, నిమ్మకాయ జారి నీళ్ళలో పడి తేలుతూ పోయింది. సూర్రావు తాతయ్య కత్తి అందుకుని, మామూలు ఖడ్గం ఒకటి గబగబా చెప్పి కానిచ్చేశారు. మా అన్నయ్య స్నానం అయిందిగానీ పేరు పలకలేదు.

పెళ్ళి బాగానే జరిగింది. వంకాయ కూర, బొబ్బట్లు అందరూ మెచ్చుకున్నారు. కాన్వెంటులో మాత్రం స్కేళ్ళు పైకెత్తి శరభా అని ఊగిపోవడం కొన్నాళ్ళు పెద్ద ఆటైంది. నేను కూడా వాళ్ళతో కలిసి నవ్వాను. నాన్న తర్వాత గుమ్మంలో కూర్చోలేదు. సంబరాలకి ఎవరు పిలిచినా గొంతు బాలేదనేవారు. మళ్ళీ వేసవి రాకముందే అడాప్టరు కాలిపోయింది. విసిరేవాళ్ళు లేక కాలిందో, దాని రోజులు అయిపోయాయో. మూడో గుహ మేం దాటలేదు. అమలాపురంలో డిగ్రీ చదివినన్నాళ్ళూ, మీ నాన్నగారేం చేస్తారని ఎవరడిగినా కొబ్బరి వ్యాపారం అనేదాన్ని.

నాన్న పోయి కొన్నేళ్ళయింది. కత్తిని సూర్రావు తాతయ్య మనవలు గుడికిచ్చేశారు. సంబరాలకి ఇప్పుడు మైకులో పాటలు పెడుతున్నారట, బిడ్డ ఊసు కలిపేవాళ్ళు ఎవరూ లేరట. మస్కట్ వెళ్ళిన సత్తిబాబుని అడిగితే ఆ ఆట పేరు కూడా గుర్తులేదన్నాడు, వాడికి గుర్తున్నది విసనకర్రేనట. విభూది పండు అమ్మ దగ్గర ఉంది. చంటిదాని పురిటికి నాకు సాయానికి వస్తూ, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, చీరల మధ్య దాచి ఇక్కడికి తెచ్చింది. నేను చూశాను. చూసి, ఆ సంచి పిల్లలకి అందకుండా పైన పెట్టించాను. విహాన్ పుట్టినప్పుడు "అన్నయ్య పేరు కూడా కలుపుదామా?" అని అమ్మ అడిగింది. వద్దన్నాను. అచ్చిరాని పేరు అన్నాను, అమ్మ ముఖం మీదే. వాడికి ఇప్పుడు ఏడేళ్ళు. నిండిన బకెట్టు ఉన్న గదిలోకి కూడా వాణ్ణి ఒక్కణ్ణే వెళ్ళనివ్వను. ఇలాంటి మేనమామ ఒకడుండేవాడని వాడికి చెప్పలేదు. చెప్తే ఏదో అవుతుందని నా భయం.

అందుకే సాయంత్రం వాడు ఆ కత్తి ఎవరిదని అడిగితే, అన్నాను: "ఎవరిదీ కాదు నాన్నా, ఆటలోది."

మంచం రెండో చివర కూర్చుని అమ్మ చంటిదాని గుడ్డలు మడతపెడుతోంది. ఆమె చేతులు ఆగాయి. చాలా ఏళ్ళ కిందట వంటింట్లో గరిటె ఆగినట్టే. విహాన్ ఊరుకోలేదు. "ఎవరిదో ఉంటుందిగా! అమ్మమ్మా, నీకు తెలుసా?"

"మీ అమ్మనడుగు బాబూ," అంది అమ్మ, నాకేసి చూడకుండా. "దానికి నోటికొచ్చు."

వాడు నాకేసి చూశాడు. నేను ఫోను తీసుకుని, టైమైంది పడుకో అన్నాను. వాడు అలిగి, అమ్మమ్మ పక్కలో దూరాడు. ఇందాక వెళ్ళి చూసి వచ్చాను. వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూడటం నాకు రోజూ ఉన్న పిచ్చే. నిద్రలో ఎడమచేతిని అమ్మ పొట్ట మీద వేశాడు. వాడు అన్నం తినేది కుడిచేత్తోనేగానీ, బొమ్మలు గీసేది ఆ చేత్తోనే. నాకంటే ముందు అమ్మ అది ఎప్పుడో చూసి ఉంటుంది.

మేం మూడో గుహ దాటలేదు నాన్నా. అయినా చెప్తున్నాను. పొద్దున్న వాడు అడిగినా అడగకపోయినా, అమ్మ వింటుండగా, ఆ డబ్బా కిందికి దింపి చెప్తాను.

రాతిలో నిలిచిన కత్తీ, నిన్ను పట్టినవాడెవడు? పుర్రచేతి వాడు. మంగతాయారుకి తొలి బిడ్డ. కుక్కలంటే భయం, నీళ్ళంటే భయం లేదు. గంగ మీద పసుప్పచ్చ పండు తేలి వస్తే తల్లికి ఇస్తానని దిగాడు. నాకు అన్న, విహాన్‌కి మేనమామ. పేరు శ్రీనివాసరావు. ఇంట్లో శీను అనేవారు.